సుబ్బమ్మ నిమిషాలు

పెళ్ళీడు పిల్లలున్న క్రైస్తవుల ఇళ్ళలో జమ్మలమడుగు సుబ్బమ్మ నెంబరు లేని ఫోను ఉండదు. మిషను దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు ఆ తట్టున ఒకచోట గుంపుగా లేవు. ప్రొద్దుటూరులో కొన్ని, వేంపల్లెలో కొన్ని, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని, అట్లా చెదిరిపోయి ఉన్నాయి. ఒకరింట్లో పిల్ల ఎదిగిన సంగతి ఇంకొకరికి తెలియాలంటే నడుమ ఒక మనిషి కావాలి. ఆ మనిషి సుబ్బమ్మ.

వయసులో ఉన్నప్పుడు ఆమె బైబిలు స్త్రీగా తిరిగింది. చేతిసంచిలో పాటల పుస్తకం పెట్టుకుని పల్లెలకు నడిచిపోయి, ఆడవాళ్ళకు వాక్యం చెప్పి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి వచ్చేది. వాక్యంతో పాటు ఊళ్ళ సంగతులు కూడా ఆమెతో తిరిగేవి. ఏ పిల్లోడు బుద్ధిమంతుడు, ఏ అత్త నోటికి జడవాలి, ఏ మామ పొద్దు గుంకితే మనిషి దొరకడు, అన్నీ ఆమెకు తెలుసు. మోకాళ్ళు పట్టేసినాక తిరగడం మానుకుంది గాని సంబంధాలు చూడడం మానలేదు. కాళ్ళు చేసే పని ఫోనుకు అప్పజెప్పింది. మొగుడు జోసఫ్ ఆసుపత్రిలో కాపలా పని చేసి దిగిపోయినాడు. ఆయనకు రొంత చెవుడు. ఇంట్లో ఎంత అరిచి మాట్లాడినా సగం కూడా చేరదు. ఫోనులో మాట్లాడితే మాత్రం అవతలివాళ్ళు ‘ఊ’ కొడతారు. అందుకని ఆమెకు ఫోనంటే మహా ఇష్టం.

ఆ ఫోనులో ‘స్వర’ అనే కంపెనీ సిమ్ము ఉండేది. అందరూ ఎంతసేపైనా మాట్లాడుకునే ప్లాన్లకు మారిపోయినా సుబ్బమ్మ తన పాత ప్లాన్‌ను వదల్లేదు. దాంట్లో నెలకు ఇన్ని నిమిషాలని ఇస్తారు. వాడుకోగా మిగిలినవి, గడువు దాటక ముందే మళ్ళీ రీచార్జి చేస్తే, వచ్చే నెల ఖాతాలోకి వచ్చి కలుస్తాయి. ఆ కలిసేది ఆమెకు ఎంత నచ్చిందో చెప్పడానికి లేదు. శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు నలభై దినాలు, వాళ్ళలో పెళ్ళి మాటలు ఎత్తరు. ఆ రోజుల్లో సుబ్బమ్మ ఫోను గమ్మున ఉంటుంది. నిమిషాలు మిగులుతాయి. మిగిలినవి మిగిలినట్టే పేరుకుంటాయి. ఈస్టరు అయినాక వేసవి పెళ్ళిళ్ళ హడావుడి మొదలైనప్పుడు వాటిని తీసి ఖర్చు పెడుతుంది. ఎండాకాలానికి వడియాలు పెట్టుకున్నట్టు ఆమె నిమిషాలు పెట్టుకునేది.

ఆ ఏడు ఈస్టరు అయిన వారానికే మంచి సంబంధం ఒకటి కుదిరేట్టు కనబడింది. పిల్లోడు జీవన్ కుమార్. ప్రొద్దుటూరులో సచివాలయం ఉద్యోగి. తల్లి మార్తమ్మ, తండ్రి లేడు. పిల్ల రజిని. పులివెందులలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆమె తండ్రి ప్రకాశం పులివెందుల పక్కనే అరటితోట చేసుకుంటాడు. ఇంతకు ముందు వచ్చిన రెండు సంబంధాలను రజిని తానే వద్దనింది. పెళ్ళయినాక ఉద్యోగం మానాలని వాళ్ళు అడిగినారు. ‘నేను కష్టపడి నేర్చుకున్న పనిని చీర మడత మాదిరి మడిచి పెట్టెలో పెట్టమంటే పెట్టను’ అని తెగేసి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి సుబ్బమ్మకు ఆ పిల్ల మీద మనసు పడింది.

ఈ కాలంలో సంబంధమంటే ఒట్టి మాటలు చాలవు. ఫోటోలు పంపాలి, వీడియోలు పంపాలి, పిల్లోడు సంఘంలో పాట పాడింది పంపాలి. సుబ్బమ్మ పాత ప్లాన్‌లో డేటా పిడికెడే. రజిని ఫోటోలు నాలుగు ప్రొద్దుటూరుకు పంపేసరికి అది కాస్తా అయిపోయింది. జీవన్ పాట వీడియో సగం వచ్చి గుండ్రంగా తిరుగుతా నిలబడింది.

బస్టాండు దగ్గర నూరుల్లా అంగడి ఉంది. సిమ్ములు, కవర్లు, చార్జర్లు అమ్ముతాడు. సుబ్బమ్మ పోయి అతని ముందు ఫోను పెట్టింది.

“అక్కా, ఇంకా ఈ పాతదాన్నే పట్టుకోనుండావా? స్వర వాళ్ళదే కొత్త ప్లాన్ వచ్చిండాది. నిమిషాలు మిగిల్తే కలుస్తాయి, డేటా మిగిల్తే అదీ కలుస్తాది” అన్నాడు నూరుల్లా.

“నా పాత నిమిషాలు?”

“కంపెనీ అదే, నెంబరు అదే. యాడికి పోతాయక్కా?”

“నూరుల్లా, సరిగ్గా చూసి చెప్పు. శ్రమకాలమంతా కూడబెట్టుకున్న నిమిషాలప్పా అవి.”

“వస్తాయక్కా. రోలోవర్ అని ఇంత పెద్ద అక్షరాల్తో వేసినారు, చూడు.”

ఆమె చూసింది. అక్షరాలు పెద్దవే. సరేననింది. నూరుల్లా నొక్కినాడు. ఫోను టింగుమనింది.

ఇంటికి వచ్చి, మిగులు ఎంతుందో చెప్పే నెంబరు కొట్టి చూసుకుంటే కొత్త ప్లాన్ నిమిషాలు మాత్రం చెప్పింది. పాతవాటి మాటే లేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. చేతిలో అన్నం గిన్నె జారినట్టయింది ఆమెకు.

“ఏమయ్యా, నా నిమిషాలు పోయినాయి!” అని జోసఫ్ మీద అరిచింది.

“బస్సు పోయిందా?” అన్నాడాయన.

కస్టమర్ కేరుకు చేసింది. తెలుగు కావాలంటే రెండు నొక్కమనింది. నొక్కింది. రీచార్జి కావాలంటే ఒకటి, కొత్త ఆఫర్ల కోసం మూడు, కాలర్ ట్యూను కోసం నాలుగు. మనిషితో మాట్లాడాలంటే ఏం నొక్కాలో చెప్పకుండానే మళ్ళీ మొదటికి వచ్చింది. కడాకు తొమ్మిది నొక్కితే పాట మొదలైంది. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని పాట నడుమ నడుమ ఒక ఆడగొంతు చెప్పింది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా అనుకుంది సుబ్బమ్మ. అన్నం మాడింది. స్పీకరులో పెట్టి, గిన్నె తోమి, మళ్ళీ ఎసరు పెట్టినాక ఒక పిల్ల పలికింది.

“రోలోవర్ అనేది అదే ప్లాన్‌ను మళ్ళీ రీచార్జ్ చేసుకున్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది మేడమ్. మీరు వేరే ప్లాన్‌కి మారారు కాబట్టి పాత బ్యాలెన్స్ రద్దయింది.”

“రద్దు చేసేముందు నాకు ఒక మాట చెప్పాల కదమ్మా?”

“మెసేజ్ వచ్చి ఉంటుంది మేడమ్.”

వచ్చింది. ఇంగ్లీషులో వచ్చింది. వరసగా వచ్చిన ఆఫర్ల మెసేజుల నడుమ అది యాడుందో వెతకడానికే సుబ్బమ్మకు కళ్ళు చాలలేదు.

“సరే తల్లీ, నాకీ కొత్తది వద్దు. నా పాత ప్లాన్ నాకు ఇయ్యి.”

“సారీ మేడమ్. ఆ ప్లాన్ ఇప్పుడు కొత్తవాళ్ళకి లేదు. పాతవాళ్ళకి మాత్రమే కొనసాగుతోంది.”

“నేను పాతదాన్నే కదా!”

“మీరు దాన్ని వదిలేశారు మేడమ్. ఇప్పుడు తీసుకుంటే కొత్తవాళ్ళ కిందే లెక్క.”

సుబ్బమ్మ ఫిర్యాదు రాసుకోమనింది. రాసుకున్నామని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది ఆ పిల్ల. ‘ఇంకేమైనా’ అనే మాట సుబ్బమ్మ గుండెలో ముల్లు మాదిరి దిగింది. ఏ సహాయం చేసినావని ఇంకొకటి!

మరుసటి దినం మళ్ళీ నూరుల్లా అంగడికి పోయింది. ఆమెను దూరం నుంచి చూసినప్పుడే అతనికి అర్థమైంది.

“నాకు తెలీదక్కా, అల్లా మీద ఒట్టు. వాళ్ళు అట్ల చేస్తారని అనుకోలే.”

“నువ్వనుకోలే, నేననుకోలే. అనుకున్నోళ్ళు వాళ్ళొక్కరే. ఈ కంపెనీ నాకొద్దు. నా నెంబరు నాకుండాల, కంపెనీ మార్చు. ఆ గగన్ వాళ్ళది ఎయ్యి.”

నూరుల్లా తటపటాయించినాడు. నెంబరు అట్లే ఉంచుకుని కంపెనీ మారొచ్చు గాని, నడుమ కొంచెం సేపు ఫోను పలకదు, ఒక్కోసారి ఎక్కువ సేపు కూడా పట్టొచ్చు అని చెప్పినాడు. “ఇప్పుడు నీ తావ సంబంధాలు నడుస్తాండాయి కదా. ఈ సీజను కానీ అక్కా” అన్నాడు.

నిజానికి అది మంచి మాట. రజిని ఉద్యోగం మానదు, పులివెందులలోనే చేసుకుంటుంది, దానికి ఒప్పుకుంటారా అని ప్రకాశం అడిగిన మాటను సుబ్బమ్మ అప్పటికే మార్తమ్మకు చేరవేసింది. జవాబు రావాలి. కమలాపురం నుంచి ఇంకొక సంబంధం వాళ్ళు రజిని కోసం తొందర పెడుతున్నారని, ఆదివారం లోపల ఏదో ఒకటి తేల్చమని ప్రకాశం చెప్పి ఉన్నాడు. కానీ మార్తమ్మ నిదానస్తురాలు. వారం ఆలోచిస్తేగాని మాట బయట పెట్టదు. ఆ లోపల కొత్త సిమ్ము రాదా అనుకుంది సుబ్బమ్మ. అంతకంటే, కడుపులో మంట ఆమెను ఆలోచించనీయలేదు.

“మార్చమంటే మార్చు” అనింది.

నూరుల్లా మెసేజు పెట్టినాడు, కోడు తెప్పించినాడు, ఆధారు చూసినాడు, గోడకు నిలబెట్టి ఫోటో తీసినాడు. రెండుసార్లు ఆమె కళ్ళు మూసుకుంది. మూడోసారి కళ్ళు తెరిచింది గాని మొగం చూస్తే ఎవరినో కొట్టబోతున్నట్టుంది. అదే పంపించినాడు.

రెండు దినాలకు పాత సిమ్ము పడిపోయింది. కొత్తది లేవలేదు. ఫోను తెర మీద గీతలుండాల్సిన చోట అడ్డంగా ఒక చిన్న గుర్తు తప్ప ఏమీ లేదు. సుబ్బమ్మ దాన్ని కిటికీ తావ పెట్టింది, మిద్దె మీదకు తీసుకుపోయింది, ఆపి మళ్ళీ పెట్టింది. నూరుల్లా తన ఫోనులో ఏదో చూసి, పేరు తేడా వచ్చిందన్నాడు. పాత కంపెనీ వాళ్ళ దాంట్లో ఇంటిపేరు ముందుంది, ఆధారులో వెనకుందట. “ప్రొద్దుటూరులో గగన్ వాళ్ళ పెద్ద ఆఫీసుండాది. ఆడికి పోతే ఒక్క నిమిషంలో చేస్తారు” అన్నాడు.

నిమిషం అనే మాట వింటేనే ఒళ్ళు మండింది ఆమెకు. అయినా పోయింది. ఆడవాళ్ళకు టిక్కెట్టు లేకుండా చేసినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు. మోకాళ్ళ నొప్పితో నిలబడే పోయింది.

ఆ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. గోడ నిండా నవ్వే మొగాల బొమ్మలు. టోకెను తీసుకుని కూర్చోమన్నారు. కూర్చుంది. తన వంతు వచ్చేసరికి భోజనానికి లేచినారు. మళ్ళీ కూర్చుంది. కడాకు మెడకు పట్టీ వేసుకున్న పిల్లోడు కంప్యూటరులో చూసి, “మా దాంట్లో యాక్టివ్ అని చూపిస్తోంది మేడమ్” అన్నాడు.

“మీ దాంట్లో బతికుండాది. నా చేతిలో సచ్చి ఉండాది. ఏది నిజమప్పా?”

“సిస్టమ్‌లో అయితే యాక్టివే.”

“అయితే ఆ సిస్టమ్‌నే నాకియ్యి, దాంట్లో మాట్లాడుకుంటా.”

పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వినారు. సుబ్బమ్మకు నవ్వు రాలేదు. పై ఆఫీసుకు పంపినామని, వేచి ఉండమని చెప్పి ఆ పిల్లోడు తర్వాతి టోకెను పిలిచినాడు.

ఎట్లాగూ ప్రొద్దుటూరు వచ్చింది కదా అని మార్తమ్మ ఇంటికి పోయింది. మార్తమ్మ గడపలోనే నిలబెట్టి అడిగింది.

“ఏం వదినా, ఇప్పుడొస్తాండావా? నిన్నటి నుంచి చేస్తానే ఉండా. ఈ నెంబరు వాడుకలో లేదంటాది. పిల్ల తట్టు వాళ్ళకు ఇష్టం లేదని చెప్పలేక ఫోను ఆపుకున్నావనుకున్నా.”

సుబ్బమ్మ చేతిలోని చచ్చిన ఫోను తట్టు చూసుకుంది. “జవాబు చెప్పడానికి చేసినావా? ఇంత బిన్నా? వారం పడ్తాదనుకుంటినే!”

“జీవను చెప్పినాడు వదినా. ఆ పిల్ల ఉద్యోగం మానాల్సిన పనిలేదు, నేనే పులివెందులకు దగ్గరగా వేంపల్లె తట్టుకు బదిలీ పెట్టుకుంటా, అది అయ్యేదాకా తిరుగుతా అన్నాడు. నేను ఒక పూట ఏడ్చినా. ఉండేది ఒక్క కొడుకు కదా. తర్వాత సరే అనుకున్నా. ఆదివారం ఆరాధన అయినాక వాళ్ళను మా ఇంటికి రమ్మను. వస్తే వస్తాం అని చెప్పాల, లేకుంటే లేదని చెప్పాల. ఈ ఎదురుచూపులు నాతో కాదు.”

అది శుక్రవారం సాయంత్రం. ప్రకాశం పెట్టిన గడువూ ఆదివారమే. మార్తమ్మ ఫోను బల్ల మీదే ఉంది. దాన్ని తీసుకుని ప్రకాశానికి ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది. సుబ్బమ్మ చెయ్యి దాని తట్టు పోయి ఆగింది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. మాట ఖాయమయ్యేదాకా ఒక తట్టువాళ్ళ నెంబరు ఇంకొక తట్టువాళ్ళకు ఇవ్వదు. మునుపు సింహాద్రిపురంలో ఒక సంబంధం ఇట్లే చేజారింది. ఇద్దరు తల్లులూ నేరుగా ఫోనులో మాట్లాడుకుని, పెళ్ళి భోజనంలో బిర్యానీయా, పప్పన్నమా అనే తావ మాటామాటా పెరిగి, కడాకు పెళ్ళే లేకుండా చేసుకున్నారు. అప్పటి నుంచి ఏ మాటైనా తన ద్వారానే పోవాలి. పోయేటప్పుడు ఆమె దాని గరుకు తీసి పంపుతుంది. రజినికి నెలలో సగం రాత్రి డ్యూటీలే అని ప్రకాశం చెప్పిన మాటను కూడా మార్తమ్మకు అట్లే నునుపు చేసి, “పగటి డ్యూటీలే ఎక్కువ వదినా” అని చెప్పి ఉంది. ఇప్పుడు వీళ్ళ ఫోను నుంచి వాళ్ళకు చేస్తే ఆ నెంబరు అక్కడ నిలిచిపోతుంది. ఇక నేరుగా మాట్లాడుకుంటారు.

“ఇంటికి పోయి చేస్తాలే వదినా” అని లేచింది.

ఇంటికి పోయినాక తెలిసింది, చెయ్యడానికి ఇంట్లో ఇంకొక ఫోను కూడా లేదని. జోసఫ్ ఫోనుకు రీచార్జి అయిపోయి ఎన్నాళ్ళయిందో. ఎదురింటి మైమూన్ ఫోను అడిగి తీసుకుంది. ప్రకాశం ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. తెలియని నెంబర్లు ఎత్తితే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని ఊరూరా చెప్పి చెప్పి జనాన్ని భయపెట్టి పెట్టినారు. నాలుగోసారి చేసేసరికి నెంబరు బిజీ అని రావడం మొదలైంది. “మనల్ని బ్లాక్ చేసినట్టుండాడు అక్కా” అనింది మైమూన్, కొంచెం నొచ్చుకుని.

శనివారం తెల్లవారి పులివెందుల బస్సెక్కింది సుబ్బమ్మ. ముద్దనూరులో దిగి ఇంకొక బస్సు. ఎండ అప్పటికే మంటలు పుట్టిస్తోంది. చీర చెంగు తలమీదకు లాక్కుని, చేతిలో ఉలుకూ పలుకూ లేని ఫోనును చూసుకుంటూ, స్వర వాళ్ళను, గగన్ వాళ్ళను, నూరుల్లాను వరుసగా తిట్టుకుంది. తొండూరు దాటినాక తనను తాను కూడా ఒక మాట అనుకుంది. ఆగమని చెప్పినాడు కదా నూరుల్లా. ఆగి ఉంటే పోయేది కాదా?

ప్రకాశం ఇంటి ముందర అరటి గెలల లారీ నిలబడి ఉంది. ఆయన ఆమెను చూసి ‘వందనాలు’ అన్నాడు గాని మొగంలో చిరునవ్వు లేదు. భార్య నీళ్ళు తెచ్చిచ్చి లోపలికి పోయింది.

“ఏందక్కా, సంబంధం నడుమలో పెట్టి మాయమైపోతివి? నీ నెంబరే లేదంటాది. వాళ్ళు కాదన్నారేమో, మొగం చూపలేక ఆపుకున్నావని మేమనుకున్నాం. కమలాపురం వాళ్ళకు సరేనని చెప్పబోతాండా.”

“చెప్పినావా?” సుబ్బమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

“ఇంకా లేదు. పాప డ్యూటీ నుంచి రానీ అని ఆగినా.”

సుబ్బమ్మ జరిగిందంతా చెప్పింది. నిమిషాలు పోవడం, కంపెనీ మారడం, ఫోను చావడం. చెప్తుంటే తనకే పిచ్చిదాని మాటల్లాగా వినబడింది. ఒక మనిషి మంచి సంబంధాన్ని ఫోను ప్లాన్ కోసం పోగొట్టుకుంటుందా! తర్వాత జీవన్ చెప్పిన మాట చెప్పింది. ప్రకాశం తల ఊపలేదు.

“నీ మాట నేను కాదనను. కానీ ఈ రెండు మూడు దినాలు నువ్వు లేవు. నువ్వు ఇప్పుడొచ్చి చెప్తాండేది వాళ్ళు చెప్పిందో, నువ్వు సర్ది చెప్పిందో నాకెట్ల తెలుస్తాది? వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పాల.”

అప్పుడే రజిని వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి, కళ్ళు ఎర్రగా, భుజాన సంచితో. వాకిట్లో నిలబడే అంతా వినింది. “అవునత్తా, నాన్న చెప్పేది న్యాయమే. నేనూ మాట్లాడాల” అనింది.

సుబ్బమ్మకు ఇక దారి లేదు. తన చచ్చిన ఫోను తెరిచి, మార్తమ్మ నెంబరు వెతికి, ఒక్కొక్క అంకె గట్టిగా చదివింది. ప్రకాశం తన ఫోనులో నొక్కినాడు. అవతల ఎత్తినారు. మొదట ఇద్దరూ ‘వందనాలు, వందనాలు’ అనుకున్నారు. తర్వాత ప్రకాశం అడిగినాడు, మార్తమ్మ చెప్పింది. సుబ్బమ్మ తెచ్చిన మాటే అది, ఒక్క అక్షరం తేడా లేదు. సుబ్బమ్మ ఊపిరి పీల్చుకుంది.

అంతలో రజిని ఫోను తీసుకుంది.

“ఆంటీ, నేను రజినిని. ఒకటి మీకు తెలియాల. నాకు నెలలో సగం రాత్రి డ్యూటీలే.”

సుబ్బమ్మ నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఫోను స్పీకరులో ఉంది.

“రాత్రి డ్యూటీనా? సుబ్బమ్మ వదిన పగలే ఎక్కువ అనిందే” అనింది మార్తమ్మ. తర్వాత ఒక నవ్వు వినబడింది. “అయితే ఏందమ్మా. మా యమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి మమ్మల్ని పెంచింది. తెల్లారి వచ్చి నిద్రపోతాంటే మేము శబ్దం చెయ్యకుండా ఆడుకునేవాళ్ళం. రాత్రి డ్యూటీ అంటే నాకు తెలీదా?”

ఆ సంగతి సుబ్బమ్మకు తెలియదు. ఇన్నేళ్ళుగా మార్తమ్మతో మాట్లాడుతోంది. ఎవరి అత్త నోరు ఎంతదో తెలిసిన మనిషికి ఈ ఒక్కటి తెలియకుండా పోయింది. తాను దాచకుండా చెప్పి ఉంటే, మార్తమ్మ ఈ కథ తనకే చెప్పి ఉండేదేమో అనిపించింది. ఆ ఆలోచన నచ్చక చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

వాళ్ళు చాలా సేపు మాట్లాడుకున్నారు. ప్రకాశం భార్య కూడా వచ్చి ఫోను అందుకుంది. జీవన్ ఏం తింటాడు, రజిని ఏం వండుతుంది, ప్రొద్దుటూరులో చీరలు ఏ అంగడిలో బాగుంటాయి. సుబ్బమ్మ నోరు విప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. రాగిసంగటి, శెనగకాయలు నూరిన ఊరిబిండి పెడితే తినింది. రజినే ఆమెను బస్టాండు దాకా బండి మీద దింపింది.

“కోపమొచ్చిందా అత్తా, నేను అట్ల చెప్పినందుకు?” అని దింపేటప్పుడు అడిగింది.

“నీ మీద యాల కోపం? నాకు కోపమంతా ఆ కంపెనీల మీదే” అనింది సుబ్బమ్మ. సగం నిజమే అది.

ఆదివారం వాళ్ళు ప్రొద్దుటూరుకు పోయినారు. సుబ్బమ్మ కూడా పోయింది. మేలో పెళ్ళి అనుకున్నారు. ఆమె ఫోను ఆ తర్వాతి బుధవారం తానుగా లేచింది. ఎవరు ఏం చేస్తే లేచిందో నూరుల్లాకు తెలియదు, మెడ పట్టీ పిల్లోనికీ తెలియదు. గగన్ వాళ్ళ ప్లాన్‌లో ఎంతసేపైనా మాట్లాడొచ్చు. డేటా మిగిల్తే కలుస్తుంది. నిమిషాలకు లెక్కే లేదు. లెక్క లేనిదాన్ని కూడబెట్టుకునేది ఎట్లా? ఫోను చేసిన ప్రతిసారీ ఏదో వెలితిగా ఉండేది. పెళ్ళి మండపం మార్చినారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రెండిళ్ళ వాళ్ళు నేరుగా మాట్లాడుకుని మార్చుకున్నారు. సంఘంలో పాస్టరు గారు ప్రకటన చదివినప్పుడు విని తెలుసుకుంది. ఆ దినం ఇంటికి వచ్చి జోసఫ్‌తో రెండు పూటలు మాట్లాడలేదు. ఆయనకు ఆ తేడా తెలియలేదు.

పెళ్ళి అయిన వారానికి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నెంబరు. సుబ్బమ్మ ఎత్తింది. అవతల ఒక పిల్ల గొంతు.

“నమస్తే మేడమ్, స్వర నుంచి మాట్లాడుతున్నాం. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎంత రేటింగ్ ఇస్తారు?”

“పరిష్కారమైందా? నా నిమిషాలు వచ్చినాయా?”

కాగితాలు తిరగేసినంత సేపు పట్టింది. “మీరు ప్రస్తుతం మా కస్టమర్ కాదు కాబట్టి ఫిర్యాదు ముగించాం మేడమ్.”

సుబ్బమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది. అవతలి నుంచి వచ్చిన కాల్. ఎంతసేపు మాట్లాడినా తనది పోయేదేమీ లేదు. శ్రమకాలం నుంచి మొదలుపెట్టింది. నూరుల్లా అంగడి, మాడిన అన్నం, ప్రొద్దుటూరు ఏసీ, ముద్దనూరు ఎండ, ప్రకాశం మొగం, ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఆ పిల్ల నడుమ రెండుసార్లు ‘అర్థమైంది మేడమ్’ అనింది. మూడోసారి అనలేదు. వింటున్నట్టే ఉంది.

“అయితే ఆ పెళ్ళి జరిగిందా మేడమ్?” అని అడిగింది కడాకు, గొంతు తగ్గించి.

“జరిగింది తల్లీ. మీ దయ లేకుండానే జరిగింది. నువ్వు ఏ ఊరమ్మా? పెళ్ళయిందా?”

“మేడమ్, ఈ కాల్ రికార్డ్ అవుతోంది.”

“కానీలే. వినేవాళ్ళు వింటారు. ఏ ఊరో చెప్పు.”

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. నడుమలో పాట వచ్చింది. ‘మా సేవలను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు’ అని ఇంకొక గొంతు చెప్పింది. లైను తెగిపోయింది. సుబ్బమ్మ ఆ నెంబరుకు తిరిగి చేసింది. ఈ నెంబరుకు కాల్స్ చేయడానికి వీలు లేదని వచ్చింది.

“ఏమంటాండారు?” అని జోసఫ్ వసారాలోంచి అరిచినాడు.

“పిల్ల బాగా మాట్లాడిందయ్యా. పేరన్నా చెప్పనీయకుండా తెంపినారు, పాడు కంపెనీ!” అని అరిచింది సుబ్బమ్మ, ఫోనును దిండు కిందికి తోసి.